ఛాయాచిత్రంలో నలుపు

వస్తువు మంచిదయితే చాలు, అచ్చు ఎలా వుంటేనేం అని వాదించే మిత్రులు మనలో చాలామంది వున్నారు. కవిత్వం విషయంలో ఈ వాదానికి ఇప్పుడంత బలం లేదు. శిల్పం మాట ఎత్తిన ప్రతివాణ్ణీ రూపవాది అని ముద్రవేసే రోజులు పోయాయి. కాని ఛాయాచిత్రం దగ్గరికి వచ్చేసరికి ఆ పాత వాదమే మళ్ళీ తల ఎత్తుతుంది. కార్మికుడి ఫొటో కార్మికుడి ఫొటోయే, అది ముదురుగా వస్తేనేం, వెలవెలబోతేనేం అంటారు. కాగితం, సిరా, నలుపు లోతు – ఇవన్నీ డబ్బూ తీరికా వున్నవాళ్ళ సరదాలని వారి అభిప్రాయం. ఈ అభిప్రాయంతో నాకు పేచీ వుంది. ఆ పేచీ నాకు పుస్తకాలు చదవగా కలిగింది కాదు, ముప్ఫయి ఫొటోలు అచ్చు వెయ్యగా కలిగింది. కనక ఆ పని గురించే చెబుతాను.

మా మిత్రుడొకాయన 1980 ప్రాంతాల్లో కొత్తగూడెంలో వుద్యోగం చేశాడు. ఆయనకు ఒక 35 ఎం.ఎం. కెమెరా వుండేది. బొగ్గుబావిలోకి కెమెరా తీసుకుపోవటానికి వీల్లేదు గనక, షిఫ్టు దిగి పైకి వచ్చే మనుషులను బావి మొగదల నిలబడి తీసేవాడు. తట్టా చెమ్మాసుతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే కోల్ ఫిల్లర్లు ఆ ఫొటోల్లో ఎక్కువ. ఆయన పోయిన తరవాత ఆ ఫిల్ములు ఒక రేకుపెట్టెలో వుండిపోయాయి. కుటుంబంవారు వాటిని నాకు ఇచ్చారు. ఇల్లెందు దగ్గర బొగ్గు వున్న సంగతి 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు 1920లో వచ్చింది. ఏ ఏడు ఎన్ని టన్నులు తవ్వారో చెప్పే లెక్కలు వున్నాయి. తవ్వినవాడి మొహం ఎలా వుండేదో చెప్పే కాగితాలు అంత సులభంగా దొరకవు. అందుకని విద్యార్థులు ఆ ఫిల్ములు చూసి, కాలేజీలో ప్రదర్శన పెడదాం అన్నారు. స్కాను చేసి, ముప్ఫయి బొమ్మలు ఏరాం.

మొదట ఫైళ్ళను ఒక లాబ్‌కు పంపించాం. వచ్చిన ప్రింట్లు శుభ్రంగా, మెరుస్తూ వున్నాయి. కాని వాటిలో బొగ్గు లేదు. మొహాలమీది మసి పలచబడి, రోడ్డుమీది దుమ్ము పట్టినట్టు కనిపించింది. వెనకాల వున్న బొగ్గుకుప్ప సిమెంటుకుప్పలాగా వుంది. అడిగితే అక్కడ పనిచేసే కుర్రవాడు, “మొహాలు చీకటిగా వున్నాయని మెషినే కాస్త బ్రైట్ చేసింది సార్. అందరూ అదే అడుగుతారు,” అన్నాడు. అతన్ని అనవలసిందేమీ లేదు. అతను పొద్దస్తమానం పెళ్ళి ఫొటోలు వేసి జీతం తీసుకునేవాడు. ఎవరో ముందే యంత్రానికి ఒక న్యాయం నేర్పి పెట్టారు. యంత్రం దాన్ని పాటించింది. మొహం తెల్లగా వుండాలన్నదే ఆ న్యాయం. మసిపూసి మారేడుకాయ చెయ్యటం మనకు తెలిసిందే. ఇక్కడ మసి తుడిచి మారేడుకాయ చేశారు.

నలుపు నారాయణ మెచ్చు అని సామెత చెబుతూనే, పెళ్ళిచూపులకు పంపే ఫొటోలో పిల్లను రెండు ఛాయలు తెల్లగా దిద్దించే సమాజం మనది. అయితే ఈ జబ్బు మనకే పరిమితమయింది కాదు. రంగుల ప్రింట్లు సరిచూసుకోవటానికి కొడాక్ కంపెనీ లాబులకు నమూనా కార్డులు పంపేది. వాటిమీద చాలా ఏళ్ళపాటు తెల్లజాతి స్త్రీల బొమ్మలే వుండేవి. షర్లీ కార్డులని వాటికి పేరు. ఆ చర్మం సవ్యంగా వస్తే యంత్రం సవ్యంగా వున్నట్టు లెక్క. నల్లని చర్మం ఎలా వచ్చినా ఆ లెక్కలోకి రాదు. యంత్రాలకు పక్షపాతం వుండదని నమ్మేవారు ఆ కార్డుల సంగతి ఒకసారి ఆలోచించాలి. యంత్రానికి పక్షపాతం వుండకపోవచ్చు. దాన్ని సరిచూసే కొలబద్దకు వుంటుంది.

ఆ తరవాత మేమే అచ్చు వేసుకోవటానికి పూనుకున్నాం. నేనూ మరి ఇద్దరు ఉపాధ్యాయులూ చందాలు వేసుకుని ఎవరో వాడి అమ్మిన ఇంక్‌జెట్ ప్రింటరు ఒకటి కొన్నాం. మెరుపు లేని మంచి కాటన్ కాగితం తెప్పించాం. మొహాలు ఎవరూ తెల్లబరచలేదు. అయినా బొగ్గు మళ్ళీ బూడిదరంగుగానే వచ్చింది. పక్కనే కంప్యూటరు తెరమీద అదే బొమ్మలో నలుపు బావిలాగా లోతుగా వుంది. ఇక్కడ సామాజిక న్యాయాలతో సంబంధం లేని మరొక కారణం వుంది. అది పదార్థానికి సంబంధించింది. దాన్ని తెలుసుకోవటానికి బడి దాటి పోనక్కరలేదు.

పలకను తడిగుడ్డతో తుడిస్తే నిగనిగలాడే నలుపు వస్తుంది. తడి ఆరేసరికి అదే పలక బూడిదరంగుకు తిరుగుతుంది. ఈలోగా మార్కాపురం రాయి ఏమీ మారలేదు. మారింది దాని ముఖం. పొడి పలక ముఖం గరుకుగా వుంటుంది. మీద పడిన వెలుగును నాలుగు వైపులా చెదరగొడుతుంది. ఎటునుంచి చూసినా ఆ చెదిరిన వెలుగులో కొంత మన కంట్లో పడి, నలుపుమీద పలచని తెల్లపొరలాగా పరుచుకుంటుంది. నీటిపొర వున్నప్పుడు ముఖం నునుపవుతుంది. పైనుంచి తిరిగిపోయే వెలుగు ఒకే దిక్కుకు పోతుంది. మిగిలింది లోపలికి దిగి అక్కడే ఇంకిపోతుంది. తడిగుడ్డ పెట్టిన కడపరాయి గచ్చు, నూనె పట్టించిన నల్లరాతి విగ్రహం, సానపట్టిన చీమకుర్తి గ్రానైటు అంత నల్లగా కనిపించటానికి కారణం ఇదే. కాటన్ కాగితం పొడి పలకలాంటిది. మెరుపు పూత వున్న కాగితం తడి పలకలాంటిది.

ఈ తేడాను కొలవవచ్చు. కాగితంమీద పడిన వెలుగులో ఎంత తిరిగి వస్తున్నదో చూసి, దాన్ని సాంద్రత అనే అంకెతో చెబుతారు. ఇది లాగరిథం లెక్క. సాంద్రత 1 అయితే పదో వంతు వెలుగు తిరిగి వస్తుంది, 2 అయితే నూరో వంతు. మెరుపు లేని కాగితంమీద మంచి ఇంక్‌జెట్ నలుపు 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. అంటే నూటికి రెండో రెండున్నరో పాళ్ళ వెలుగు వెనక్కి వస్తున్నదన్న మాట. బెరైటా పూత వున్న మెరిసే కాగితాలమీద అది 2.3 దాకా, కొన్నిటిమీద ఇంకా పైకి పోతుంది. అక్కడ తిరిగి వచ్చేది నూటికి అర పాలు. పాత చీకటిగదుల్లో వాడిన మెరిసే వెండి కాగితాల నలుపు 2.1కి అటూ ఇటూగా వుండేది. ఇంక్‌జెట్ నలుపు వెండి నలుపును మించిందని చెప్పేవారి మాట నిజమే. కాని తగిన కాగితం వున్నప్పుడే అది నిజం.

ఇక సిరా సంగతి. పిగ్మెంటు సిరాలో నలుపునిచ్చే పదార్థం మసి. కర్బనపు నలుపు అని దానికి గౌరవప్రదమైన పేరు. సంస్కృతంలో మషి అంటే మసి అనీ అర్థమే, సిరా అనీ అర్థమే. ఆముదపు దీపంమీద పాత్ర బోర్లించి కాటుక పట్టే ముసలమ్మ చేసిన పనినే ఫాక్టరీలో పెద్ద ఎత్తున చేస్తారు. పెట్రోలియంనుంచీ బొగ్గుతారునుంచీ వచ్చే బరువయిన నూనెలను చాలీచాలని గాలిలో మండిస్తే కర్బనపు నలుపు వస్తుంది. అందులో చాలా భాగం టైర్ల తయారీకి పోతుంది. కొద్ది భాగం సిరాలకు వస్తుంది. రంగును నీళ్ళలో కరిగించిన డై సిరాలు చూడటానికి బాగానే వుంటాయి గాని, వెలుగు తగిలితే వెలుస్తాయి. మసి అంత తొందరగా వెలవదు. కోల్ ఫిల్లరు మొహంమీద వున్నదీ కర్బనమే, అతని బొమ్మలో వున్నదీ కర్బనమే.

ప్రింటర్లలో ఈ నలుపు రెండు రకాలుగా వుంటుంది. మాట్ నలుపు మెరుపు లేని కాగితంకోసం చేసింది. దాన్ని మెరిసే పూతమీద వేస్తే పట్టదు. చేత్తో తుడిస్తే వస్తుంది. ఫొటో నలుపు రేణువులకు రెజిన్ తొడుగు వుంటుంది. మెరిసే పూతమీద నునుపుగా కూర్చుంటుంది. దాన్ని మెరుపు లేని కాగితంమీద వేస్తే వెలవెలబోతుంది. పాత ఎప్సన్ యంత్రాలు చాలావాటిలో ఒక నలుపునుంచి రెండో నలుపుకు మారాలంటే గొట్టాల్లో వున్న సిరా పారబోసుకోవలసి వచ్చేది. 2020లో వచ్చిన పి700, పి900 రకాల్లో రెండిటికీ విడివిడి దారులు పెట్టారు.

ఎక్కువ సిరా పోస్తే ఎక్కువ నలుపు వస్తుందని అనుకోవటం సహజం. కాని ప్రతి కాగితానికీ తాగగలిగినంత అని ఒక హద్దు వుంది. అది దాటితే సిరా మడుగు కడుతుంది, పక్కలకు పాకుతుంది, ముదురు భాగాల్లో వున్న తేడాలు పూడిపోతాయి. కొన్ని కాగితాలమీద సాంద్రత పెరగటం మాని తగ్గటం కూడా కొలిచి చూడవచ్చు. ప్రింటరు మెనూలో కాగితం రకం ఎంచుకోవటం అంటే ముఖ్యంగా ఈ హద్దు ఎంచుకోవటమే. బూడిదరంగులది మరొక చిక్కు. నీలం, మెజెంటా, పసుపు సిరాలు కలిపి బూడిదరంగు తయారుచేస్తే, అది పగటి వెలుగులో సరిగానే వుండి ట్యూబులైటు కింద ఆకుపచ్చకు తిరగవచ్చు. అందుకని 2005లో ఎప్సన్ కె3 సిరాలతో ముదురు, లేత, మరీ లేత అని మూడు నలుపులు పెట్టింది. అంతకు ముందే, 2000లో, అమెరికాలోని వెర్మాంట్‌లో జాన్ కోన్ అనే ప్రింటరు పియెజోగ్రఫీ అనే పద్ధతి తెచ్చాడు. అందులో రంగు సిరాల డబ్బీలు తీసేసి, వాటి స్థానంలో నలుపు ఛాయలనే నింపుతారు.

ఇదంతా వృత్తిపనివారి గొడవ, విమర్శకు దీనితో ఏం పని అని పాఠకుడు అడగవచ్చు. ఇక్కడినుంచే విమర్శ మొదలవుతుంది.

తెర తన వెలుగు తానే ఇస్తుంది. కాగితం మనం పోసిన వెలుగునే తిరిగి ఇస్తుంది. తెరమీద తెలుపుకూ నలుపుకూ మధ్య వెయ్యి రెట్ల తేడా మామూలు. మెరిసే కాగితంమీద ఆ తేడా నూటయాభై రెట్లు. మెరుపు లేని కాగితంమీద నలభై రెట్లు. తెరమీద వున్నదాన్ని కాగితంమీదికి దించేటప్పుడు మెట్లు తగ్గించుకోక తప్పదు. సాఫ్ట్‌వేరులో బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ అనేదాన్ని వుంచితే మెట్లన్నీ దగ్గరికి జరుగుతాయి. తీసేస్తే కాగితపు నలుపుకన్న కింద వున్న మెట్లు ఒక్కసారిగా కూలిపోతాయి. రెండు విధాలా ముందు దెబ్బ తినేవి అడుగు మెట్లే. పెళ్ళి ఫొటోలో అడుగు మెట్లమీద వున్నది పెళ్ళికొడుకు కోటు. అది పూడిపోయినా అడిగేవాడు లేడు. మా ఫొటోల్లో ఆ మెట్లమీద బొగ్గు వుంది, బొగ్గు పట్టిన చొక్కా వుంది, బొగ్గు పట్టిన నల్లని చర్మం వుంది, ఆ చర్మంలోని ముడతలు వున్నాయి. మనిషే అక్కడ వున్నాడు.

నలుపుకు లోతు లేకపోతే ఆ మనిషికి రెండే దారులు మిగులుతాయి. అతన్ని బొగ్గునుంచి విడదీసి చూపించటానికి తెల్లబరచాలి; లేదా బొగ్గులో కలిపెయ్యాలి. మొదటి పని లాబ్ చేసింది. రెండో పని కాటన్ కాగితం చేసింది. నలుపు ఇంకా కిందికి దిగితేనే నల్లని చర్మం తన రంగులో తానుండటానికి చోటు దొరుకుతుంది. అందుచేత నలుపు లోతును నేను సోకుల కింద జమకట్టలేను. అది ఆ మనుషులకు కాగితంమీద దొరికే నివాసస్థలం.

ముప్ఫయి బొమ్మల్లో ఒకదాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోల్ ఫిల్లరు ఒకాయన గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. తలమీద హెల్మెటు, దానికి దీపం. చేతులు మోకాళ్ళ మధ్య నీడలో వేలాడుతున్నాయి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. లాబ్ వేసిన ప్రింటులో ఆ చెయ్యి కనిపిస్తుంది. కాని ఆయన సున్నపుబట్టీలో పనిచేసి వచ్చినట్టుంటాడు. ఆ తరవాత విద్యార్థులు కంప్యూటరులో నలుపును బాగా బిగించి ఒక ప్రింటు వేశారు. అది చూడటానికి గొప్పగా వుంది. దీపం, కళ్ళు, చెంప ఎముకలు వెలుగుతున్నాయి, మిగిలిందంతా కటిక చీకటి. గోడకు పెట్టుకోదగ్గ బొమ్మ. చెయ్యి మటుకు లేదు. ఎవరూ దాన్ని తుడిచెయ్యలేదు, దాచాలనుకోలేదు. నలుపు అందంకోసం బిగించారు. బొమ్మలో వున్న సాక్ష్యం దానితోపాటు పోయింది.

తెలుపునుంచి నలుపుదాకా ఇరవై ఒక్క మెట్లున్న పట్టీ ఒకటి రెండు రకాల కాగితాలమీదా అచ్చు వేసి, ఆరనిచ్చి, కిటికీ దగ్గర చూశాం. కాటన్ కాగితంమీద చివరి మూడు మెట్లూ కలిసి ఒకటయిపోయాయి. బెరైటా కాగితంమీద చివరి రెండూ కూడా విడివిడిగా కనిపించాయి. ఆ చెయ్యి సరిగ్గా ఆ పూడిన మెట్లమీదే వుంది. కనక బెరైటా కాగితం తీసుకుని, ఫొటో నలుపు పెట్టి, గోడపక్క నీడ ఒక్కదాన్నే చివరి మెట్టుమీద వుంచాం. మిగతావన్నీ వాటికి దక్కిన మెట్లమీద నిలబడ్డాయి. చేతిని తెల్లబరచలేదు, చేతి కిందికి నలుపును దించాం.

ప్రదర్శనకు వచ్చిన ఒక రిటైర్డు కార్మికుడికి బిగించిన ప్రింటూ ఇదీ పక్కపక్కన పెట్టి చూపించాను. మొదటిదాన్ని చూసి, “ఇది రాత్రిపూట తీసిండ్రా సారూ?” అన్నాడు. రెండోదాన్ని చాలాసేపు చూశాడు. “ఈ వేళ్లు టబ్బుల నడుమ పడ్డయ్. లంకె తగిలిచ్చేటప్పుడు గట్లనే పోతయ్,” అన్నాడు. ఆ వేళ్ళు నిజంగా అలాగే పోయాయో లేదో బొమ్మ చెప్పలేదు. కాని ఆ మాట పుట్టాలంటే ముందు చెయ్యి కనిపించాలి. దాని చుట్టూ బొగ్గు బొగ్గులాగా వుండాలి. పని తెలిసినవాడు ఫొటోను చదివే పద్ధతి వేరు. వాతావరణంతో, రసంతో అతనికి పనిలేదు, వస్తువులకోసం వెతుకుతాడు. మన విమర్శకులు అతనివద్ద నేర్చుకోవలసింది వుంది.

బొగ్గు కార్మికులను తీసిన పెద్దవాళ్ళు కొందరిని ఈ దృష్టితో చూస్తే వాళ్ళ మధ్య తేడాలు తెలుస్తాయి. బిల్ బ్రాంట్ 1937లో ఉత్తర ఇంగ్లండులో తీసిన ఫొటో ఒకటి ప్రసిద్ధం. నిరుద్యోగి ఒకడు ఏరుకున్న బొగ్గుమూటను సైకిలుమీద వేసుకుని తోసుకుంటూ జారో పట్నానికి తిరిగి పోతుంటాడు. బ్రాంట్ తరవాతి కాలంలో తన పాత నెగెటివులను మళ్ళీ అచ్చు వేసేటప్పుడు నలుపునూ తెలుపునూ చాలా కటువుగా చేసి, మధ్యనున్న ఛాయలను వదులుకుంటూ వచ్చాడు. నెగెటివు మారలేదు, ప్రింటు మారింది. కాలం గడిచిన కొద్దీ నిరుద్యోగి వెనక్కి పోయి బ్రాంట్ శైలి ముందుకు వచ్చిందని నాకనిపిస్తుంది. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ యూజీన్ స్మిత్. 1950లో ఎన్నికల సందర్భంలో లైఫ్ పత్రిక తరఫున బ్రిటనుకు పోయి, వేల్స్‌లో మూడు తరాల బొగ్గు కార్మికులను తీశాడు. అతని నలుపులు కూడా ముదురే. కాని అతను ప్రింటు వేసిన తరవాత పొటాషియం ఫెర్రిసయనైడు ముంచిన కుంచెతో అవసరమయిన చోట్ల వెలుగును వెనక్కి తెచ్చేవాడు. నలుపును ముందు దించి, అందులోనుంచి మనిషిని పైకి లాగేవాడు. ఆ పనికి అతను గంటలు పోసేవాడు.

మన దేశానికి వస్తే సెబాస్టియావో సల్గాడో 1989లో ధన్‌బాద్ బొగ్గు కార్మికులను తీశాడు. ధన్‌బాద్ అప్పుడు బీహారులో వుండేది, ఇప్పుడు జార్ఖండ్‌లో వుంది. 1993లో వచ్చిన ‘వర్కర్స్’ పుస్తకంలో ఆ బొమ్మలున్నాయి. సల్గాడో మొదట అర్థశాస్త్రం చదివినవాడు. శ్రమ గురించి ఆలోచించకుండా కెమెరా పట్టినవాడు కాదు. అయినా 1991లో ఇన్‌గ్రిడ్ సిషీ న్యూయార్కర్ పత్రికలో అతన్ని గట్టిగా విమర్శించింది. కష్టాన్ని మరీ అందంగా చేస్తున్నాడన్నది ఆమె అభియోగం. 2025లో అతను పోయిన తరవాత కూడా ఆ చర్చ తెగలేదు. నా మటుకు నాకు అందం నేరంగా కనిపించదు. ఆ అందంకోసం ఏమి పూడ్చారన్నదే నేను అడిగే ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు ఫొటోగ్రాఫరు ఉద్దేశాల్లో దొరకదు. ఒక్కొక్క ప్రింటు దగ్గరికీ పోయి, దాని నలుపు పక్కన ఏముందో చూసి చెప్పవలసిందే.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ వుంది. మా మిత్రులే దాన్ని లేవదీశారు. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫొటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో వచ్చాయి. వార్తాపత్రిక కాగితంమీద నలుపు ఎప్పుడూ బూడిదరంగే. ఆ బూడిదరంగు ఫొటోలే దేశాన్ని కదిలించాయి. అప్పుడు సాంద్రత ఎవరు కొలిచారు అని వాళ్ళు అడిగారు. మంచి ప్రశ్న. నా జవాబు ఇది. ఆనాడు ఆ ఫొటో చెయ్యవలసిన పని, ఆకలితో జనం చస్తున్నారన్న వార్తను పదిమందికీ చేర్చటం. అందుకు బూడిదరంగు చాలింది. వేగం ముఖ్యం, చవక ముఖ్యం. నలభై ఏళ్ళ నాటి కోల్ ఫిల్లరు ఫొటో వార్త కాదు. అది గోడమీదికి వచ్చేది దస్తావేజుగా. దస్తావేజులో అక్షరాలు అలుక్కుపోతే చెల్లదు. పోరాటం మధ్యలో వేసే కరపత్రానికి బెరైటా కాగితం కావాలని ఎవరూ అనరు. కాని కరపత్రానికి సరిపోయిన అచ్చు అన్నిటికీ సరిపోతుందనటం, శ్రామికుడికి సంబంధించినది ఏదయినా నాసిగా వున్నా ఫరవాలేదనటమే అవుతుంది. ఆ మాటను మన నోటితో మనం అనకూడదు.

డబ్బు విషయం దాటవెయ్యటానికి వీల్లేదు. ప్రింటరు చవగ్గా ఇచ్చి సిరాతో లాభం తీసుకోవటం ఈ వ్యాపారపు నీతి. డబ్బీలకు చిప్పులు తగిలించి, ఇంకొకరి సిరా వాడకుండా చూసే యంత్రాలు బజారులో వున్నాయి. ఈ బజారే సాంద్రత అంకెను కూడా సరుకుగా మార్చింది. 2.3 వున్నవాణ్ణి 2.5 కొనమంటుంది. ఆ పోటీలో మనం దిగవలసిన పని లేదు. ఒక హద్దు దాటాక ఆ పైన పెరిగిన నలుపు మామూలు గది వెలుగులో కంటికి అందదు. పైగా దాన్ని పాడుచెయ్యటం చాలా సులభం. ఫొటోకు మామూలు అద్దం బిగిస్తే ఆ అద్దపు పైముఖం ఒక్కటే తనమీద పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్ళు తిప్పికొడుతుంది. నూటికి అర పాలు తిరిగొచ్చే నలుపును ఖర్చుపెట్టి సంపాదించి, దానికి ఎనిమిది రెట్ల వెలుగును అద్దంతో ముందు నిలబెట్టినట్టవుతుంది. మేము అద్దాలు మానేశాం. ప్రింట్లను అట్టలకు బిగించి, కిటికీలకు ఎదురుగా వున్న గోడ వదిలి పక్కగోడలకు పెట్టాం. ట్యూబులైట్లు తీసి, పైనుంచి ఏటవాలుగా పడేటట్టు బల్బులు అమర్చాం. దీనికయిన ఖర్చు రెండు సిరా డబ్బీల ఖరీదుకన్న తక్కువ. మేము కొన్న ఏ సరుకూ నలుపుకు ఇంత మేలు చెయ్యలేదు.

విద్యార్థులకూ, ఫొటోలమీద విమర్శ రాసేవారికీ నేను చెప్పదలచింది చిన్న విషయం. కార్మికుడి ఫొటో, కూలివాడి ఫొటో, కరువు ఫొటో ఎక్కడ గోడమీద కనిపించినా, ముందు దాని భావం గురించి మాట్లాడకండి. దగ్గరికి పోయి అన్నిటికన్న చీకటిగా వున్న మూల చూడండి. అక్కడ ఏమయినా వస్తువు వుండవలసి వుందా, వుంటే కనిపిస్తున్నదా, కనిపించకపోతే అది ఫిల్ములోనే లేదా, కాగితం మింగిందా, ఎవరయినా బిగించి పూడ్చారా అని అడగండి. మొహం చుట్టూ వున్న నలుపుకన్న మొహం ఎన్ని మెట్లు పైన వుందో, అన్ని మెట్లు పైన వుండటం న్యాయమేనా అని కూడా అడగండి. మీరే అచ్చు వేసేటట్టయితే, బొమ్మకన్న ముందు ఆ ఇరవై ఒక్క మెట్ల పట్టీ వెయ్యండి. దానికి ఒక చిన్న కాగితం ముక్క చాలు. మెట్లు ఎక్కడ పూడుతున్నాయో పెన్సిలుతో గీత గీసి పెట్టుకుని, ఆ గీత కింద మీ బొమ్మలో ఎవరున్నారో చూసిన తరవాతే మీట నొక్కండి.